సాత్త్వికమంటే చప్పిడి కాదు – కార్తీకంలో కాలీఫ్లవర్ వంటలు

మనం భుజించే అన్నంలోని సూక్ష్మాంశమే మనస్సుగా పరిణమిస్తుందని ఛాందోగ్యోపనిషత్తు ఆరవ అధ్యాయం బోధిస్తోంది. ఆహారం శుద్ధమైతే అంతఃకరణం శుద్ధమవుతుందనీ, దానివలన స్మృతి నిలకడ పొందుతుందనీ అదే ఉపనిషత్తు ఏడవ అధ్యాయం చివర తెలుపుతోంది. మన వ్రతాలన్నింటిలోనూ ఆహారనియమం ముందు వరుసలో నిలవడానికి కారణం ఇదే. ఏ వ్రతం పట్టినా ముందుగా మారేది వంటగదియే.

కార్తీకమాసంలో ఈ మార్పు స్పష్టంగా కనిపిస్తుంది. ఉల్లి, వెల్లుల్లి అనేక గృహాలలో నెల పొడవునా పొయ్యి దరికి రావు. సరిగ్గా ఆ రోజులలోనే చలిగాలితో పాటు తెల్లని కాలీఫ్లవర్ పూలు సంతలకు చేరతాయి. కొందరు దీనిని కోసుపువ్వు అంటారు. తెలంగాణలో గోబీ అన్న పేరే వాడుక. నేను ప్రతి సంవత్సరం ఈ మాసారంభంలో మా సత్సంగానికి వచ్చే గృహిణులకు వంటపాఠం చెబుతుంటాను. ప్రతిసారీ రెండు ప్రశ్నలు తప్పక ఎదురవుతాయి. పెద్దవారు అడిగేది: “అమ్మా, ఈ కూర స్వామికి నివేదించవచ్చునా?” చిన్నవారు అడిగేది: “ఉల్లి, వెల్లుల్లి లేకుండా వండితే పిల్లలు ముట్టుకోవడం లేదు. ఏం చేయాలండీ?”

రెండవ ప్రశ్నను తేలికగా తీసుకోరాదు. నియమం అంటే రుచిలేని తిండి అన్న భావన పసితనంలో నాటుకుంటే, ఆ పిల్లలు పెద్దవారైన పిదప కూరతో పాటు నియమాన్ని కూడా పక్కన పెడతారు. కనుక కార్తీకంలో రుచిగా వండటం గృహిణి నేర్పుకు సంబంధించిన విషయం మాత్రమే కాదు. ఆచారం తరువాతి తరానికి చేరడానికి అది ఒక మార్గం.

గీతాచార్యుని మాట

సాత్త్వికాహారం చప్పగా ఉండాలని ఏ శాస్త్రమూ చెప్పలేదు. భగవద్గీత పదునేడవ అధ్యాయంలో 8, 9, 10 శ్లోకాలలో స్వామి ఆహారాన్ని మూడు విధాలుగా విభజించాడు. ఆయుస్సును, బలాన్ని, ఆరోగ్యాన్ని, సుఖాన్ని, ప్రీతిని పెంచేదై, రసవంతంగా, స్నిగ్ధంగా, హృదయానికి ఇంపుగా ఉండేది సాత్త్వికం. అంటే రుచి, తగినంత నేయి లేక నూనె, మనసుకు నచ్చే గుణం – ఇవన్నీ సాత్త్విక లక్షణాలే. మితిమీరిన కారం, పులుపు, ఉప్పు, దాహం పుట్టించే ఘాటు రాజసం. ఇక తామసాహారాన్ని వర్ణిస్తూ స్వామి వాడిన పదాలలో ‘గతరసం’, ‘పూతి’ అనేవి ఉన్నాయి. గతరసమంటే సారం పోయినది. పూతి అంటే దుర్వాసన కలది. అదే శ్లోకంలోని ‘యాతయామం’ అనే పదానికి శంకర భగవత్పాదులు ‘మందపక్వం’ అని, అనగా సరిగా ఉడకనిదని అర్థం చెప్పారు.

ఈ మూడు మాటలనూ కాలీఫ్లవర్ కూరకు అన్వయించి చూడండి. తక్కువ ఉడికితే మందపక్వం. ఎక్కువ నీటిలో ఎక్కువసేపు ఉడికితే రసం నీటిలోకి పోతుంది, ఆపైన ఇల్లంతా వాసన వేస్తుంది. ఉల్లి, వెల్లుల్లి మానినంత మాత్రాన కూర సాత్త్వికం కాదు. పాకం కుదిరినప్పుడే అది సాత్త్వికమవుతుంది.

భగవద్రామానుజులు శ్రీభాష్యంలో ఆహారానికి కలిగే దోషాలు మూడని చెప్పారు. పదార్థం స్వభావం వలన కలిగేది జాతిదోషం. వెల్లుల్లి వంటివి దీనికి ఉదాహరణ. ఎవరి చేతి నుండి వచ్చిందన్న దానివలన కలిగేది ఆశ్రయదోషం. వెంట్రుకలు, పురుగులు, మట్టి వంటివి తగలడం వలన కలిగేది నిమిత్తదోషం. కాలీఫ్లవర్ విషయంలో మనం అన్నిటికంటె జాగ్రత్త పడవలసినది ఈ మూడవదాని గురించే.

పరదేశం నుండి మన మాసాల పేర్లలోకి

ఆవాలు, క్యాబేజీ, ముల్లంగి ఏ కుటుంబానికి చెందినవో కాలీఫ్లవర్ కూడా ఆ కుటుంబానికే చెందింది. మనం తినే తెల్లని భాగం విచ్చుకొన్న పువ్వు కాదు. పూమొగ్గలు ఏర్పడక ముందే కాడల చివరలు గుంపుగా చేరి గట్టిపడిన ముద్ద. మధ్యధరా తీరాన పుట్టిన ఈ పంట ఇంగ్లండులోని క్యూ ఉద్యానం నుండి 1822లో ఉత్తర భారతంలోని సహారన్‌పూర్ కంపెనీ తోటకు చేరింది. చలిదేశపు మొక్క కావడం చేత మొదట మన వేడికి తట్టుకోలేదు. మన రైతులు తరతరాలుగా మంచి విత్తనాన్ని ఏరుకొంటూ వేడిని, తేమను ఓర్చుకొనే రకాలను తీర్చిదిద్దారు. ఆ రకాలకు పెట్టిన పేర్లు ఆనందం కలిగిస్తాయి: ఆశ్వయుజంలో వచ్చేది కున్వారీ, కార్తీకంలో వచ్చేది కాత్‌కీ, మార్గశిరంలో వచ్చేది అగహనీ, పుష్యంలో వచ్చేది పూసీ. పరదేశం నుండి వచ్చిన కూర మన మాసాల పేర్లు ధరించింది.

ఇక నివేదన మాట. పితృకార్యాలలో ఇంగ్లీషు కూరలు వాడరాదన్న ఆచారం అనేక కుటుంబాలలో ఉంది. పూరీ జగన్నాథుని వంటశాలలో పరదేశాల నుండి వచ్చిన బంగాళాదుంప, టమాటా వంటివి నేటికీ వాడరు. మరొకవైపు వంగదేశంలో వసంతపంచమినాడు సరస్వతీదేవికి సమర్పించే కిచిడీలో కాలీఫ్లవర్, పచ్చిబఠానీ వేయడం వాడుక. కనుక ఇందులో దేశాచారం, కులాచారం ప్రమాణం. మీ ఇంటి పెద్దలు నివేదించే అలవాటు ఉంటే నిస్సంకోచంగా నివేదించండి. లేనిచోట స్వామికి అన్నం, పప్పు, పాయసం నివేదించి, ఈ కూరను ఆ ప్రసాదంతో కలిపి భుజించండి. ఆబ్దికాది కార్యాలలో మాత్రం మీ పురోహితుల మాట అనుసరించండి.

ఎంపిక, శుద్ధి

పువ్వు గట్టిగా, బరువుగా, దగ్గర దగ్గరగా అల్లుకొని ఉండాలి. తెలుపు, మీగడ రంగు రెండూ మంచివే. రైతులు పువ్వుపై ఎండ పడకుండా చుట్టూ ఉన్న ఆకులను కలిపి కడతారు. ఆ కట్టు లేనప్పుడు పువ్వు కొంత పసుపు రంగు తేలుతుంది, అది దోషం కాదు. నల్లని మచ్చలు, మెత్తదనం, బియ్యపు గింజల వలె విడివడిన పైభాగం మాత్రం ముదిరిన లేక పాడైన పువ్వుకు గుర్తులు. ఆకులు పచ్చగా, పెళుసుగా ఉంటే పువ్వు తాజాదని తెలుసుకోవచ్చు. అందుచేత ఆకులు తీయించకుండా కొనడం మేలు.

పురుగులు రెమ్మల మధ్య, కాడ మొదట దాగి ఉంటాయి. పువ్వును నిలువుగా నాలుగు భాగాలుగా కోసి, చేతితో రెమ్మలు విడదీయండి. కత్తితో అడ్డదిడ్డంగా కోస్తే పైభాగం పొడిగా రాలిపోతుంది, పురుగు కంటికి దొరకదు. ఒక పెద్ద గిన్నెలో రెండు లీటర్ల గోరువెచ్చని నీరు, రెండు పెద్ద చెంచాల ఉప్పు, అర చెంచా పసుపు కలిపి, రెమ్మలను తలక్రిందులుగా పదిహేను నిమిషాలు ఉంచండి. పురుగులు నీటిలోకి వస్తాయి. ఒక్కొక్క రెమ్మను వెలుతురులో తిప్పి చూచి, మంచినీటితో రెండుమార్లు కడగండి. కొందరు పురుగు భయంతో మరిగే నీటిలో పువ్వంతా ముంచి ఉంచుతారు. దానివలన ప్రాణి అక్కడే చనిపోతుంది, కూర రసం కూడా పోతుంది. గోరువెచ్చని నీరు, ఓపిక – ఈ రెండూ చాలు.

కడిగిన రెమ్మలను బట్టపై పరచి అరగంట ఆరనివ్వండి. తడి రెమ్మ మూకుడులో వేగదు, ఉడుకుతుంది. వేపుడు ముద్దగా మారడానికి ముఖ్యకారణం ఈ తడియే.

పాకంలో మూడు మెలకువలు

మొదటిది నీరు. కాలీఫ్లవర్‌లో సుమారు 92 శాతం నీరే. దానికి వేరే నీరు అవసరం చాలా తక్కువ. నూరు గ్రాముల పచ్చి పువ్వులో 45 మిల్లీగ్రాములకు పైగా విటమిన్ సి ఉంటుంది. ఇది నీటిలో కరిగిపోయే గుణం కలది. ఉడికించి నీరు పారబోస్తే దానిలో చాలా భాగం మోరీ పాలవుతుంది. ఆవిరిపై ఉడికించడం, లేదా నూనెలో వేయించడం శ్రేష్ఠం.

రెండవది కాలం. ఈ కుటుంబపు కూరలలో గంధకంతో కూడిన పదార్థాలు ఉంటాయి. మితంగా ఉడికినప్పుడు అవే కమ్మని రుచినిస్తాయి. కాలం మించితే వాటినుండి దుర్వాసన పుడుతుంది. ఆవిరిపై ఐదారు నిమిషాలు చాలు. కాడలో కత్తిమొన సులువుగా దిగి, రెమ్మ విరగకుండా నిలిస్తే పాకం కుదిరినట్లే. దించిన పిదప కూడా వేడికి కూర కొంత ఉడుకుతుంది కాబట్టి ఒక నిమిషం ముందే దించండి. వంటసోడా వేయవద్దు, దానివలన పువ్వు పసుపెక్కి మెత్తబడుతుంది. తెల్లగా ఉండాలనుకుంటే నాలుగు చుక్కల నిమ్మరసం చాలు.

మూడవది కొలత. నివేదన కోసం వండే కూరను ముందుగా రుచి చూడరాదు. ఈ నియమం ఉన్నందునే మన అమ్మమ్మల చేతికి కొలత అంత బాగా తెలిసింది. అరకిలో రెమ్మలకు చిన్న చెంచాతో అంచుల వరకు సమంగా తీసిన ఒక చెంచా ఉప్పు సరిపోతుంది. క్రింద ఇచ్చిన కొలతలన్నీ నలుగురికి సరిపడేవి. రుచి చూడవలసిన అవసరం లేకుండా ఇచ్చినవి. చెంచా అన్నచోట చిన్న చెంచా అనియే గ్రహించండి.

1. కూరపొడి వేపుడు

కావలసినవి: ఆరిన రెమ్మలు అరకిలో, నూనె మూడు పెద్ద చెంచాలు, ఆవాలు అర చెంచా, కరివేపాకు రెండు రెబ్బలు, పసుపు పావు చెంచా, ఉప్పు ఒక చెంచా. పొడికి: శనగపప్పు, మినపపప్పు రెండేసి చెంచాలు, ధనియాలు ఒక చెంచా, జీలకర్ర అర చెంచా, ఎండుమిరపకాయలు ఐదు, ఎండుకొబ్బరి తురుము రెండు పెద్ద చెంచాలు, ఇంగువ చిటికెడు.

విధానం: పొడికి చెప్పిన వాటిలో ముందు పప్పులను ఒక చెంచా నూనెలో సన్నని సెగపై దోరగా వేయించి, తరువాత మిగిలినవి వేసి, చివర కొబ్బరి, ఇంగువ చేర్చి దించండి. చల్లారాక కొంచెం పలుకుగా పొడి చేయండి. వెడల్పు మూకుడులో నూనె కాచి, ఆవాలు, కరివేపాకు వేసి, రెమ్మలను ఒకే వరుసలో పరచండి. మూత పెట్టకుండా మధ్యస్థమైన సెగపై పది పన్నెండు నిమిషాలు వేయించండి. మాటిమాటికి గరిట తిప్పరాదు. ఒకవైపు ఎర్రబడిన పిదపనే తిప్పాలి. ముప్పాతికపాళ్లు వేగిన తరువాత ఉప్పు, పసుపు చల్లండి. ఉప్పు ముందే వేస్తే రెమ్మలు నీరు వదలి మెత్తబడతాయి. చివర పొడి చల్లి రెండు నిమిషాలు ఉంచి దించండి. వేగిన పప్పుల కమ్మదనం, ఇంగువ పరిమళం కలిసిన ఈ వేపుడులో ఉల్లి లేదన్న సంగతి ఎవరికీ గుర్తుకు రాదు.

2. ఆవ పెట్టిన కూర

గోదావరీతీరపు గృహాలలో అరటికాయకు, పనసపొట్టుకు ఆవ పెట్టడం తెలిసినదే. కాలీఫ్లవర్ ఆవాల కుటుంబానికి చెందినదే కనుక ఈ రెండు రుచులూ సహజంగా కలుస్తాయి.

కావలసినవి: రెమ్మలు అరకిలో, చింతపండు చిక్కని రసం రెండు పెద్ద చెంచాలు, నూనె రెండు పెద్ద చెంచాలు, శనగపప్పు, మినపపప్పు ఒక్కొక్క చెంచా, ఎండుమిరపకాయలు రెండు, పోపుకు ఆవాలు అర చెంచా, పచ్చిమిరపకాయలు రెండు, ఇంగువ, కరివేపాకు, పసుపు పావు చెంచా, ఉప్పు ఒక చెంచా. ఆవముద్దకు: పావుగంట నానిన ఆవాలు ఒకటిన్నర చెంచా, ఎండుమిరపకాయ ఒకటి, చిన్న అల్లం ముక్క, పచ్చికొబ్బరి రెండు పెద్ద చెంచాలు.

విధానం: రెమ్మలను ఐదు నిమిషాలు ఆవిరిపై ఉంచి పక్కన పెట్టండి. ఆవముద్దను కొద్ది నీటితో మెత్తగా నూరండి. పోపు వేగాక చింతపండు రసం, ఉప్పు, పసుపు వేసి రెండు నిమిషాలు మరగనిచ్చి, రెమ్మలు వేసి రసం పట్టేవరకు మెల్లగా కలిపి దించండి. ఐదు నిమిషాలు ఆగి, వేడి తగ్గిన పిదప ఆవముద్ద, ఒక చెంచా పచ్చి నువ్వులనూనె కలపండి. సెగపై ఉండగా ఆవ కలిపితే ఘాటు పోయి చేదు మిగులుతుంది. కలిపిన తరువాత ఒక గంట ఆగి వడ్డిస్తే రుచి ఇనుమడిస్తుంది. ఆవ ఘాటు మితంగా ఉండాలి. మించితే అది రాజసమే.

3. పెసరపప్పు కూర

వృద్ధులకు, ఏకభుక్తం చేసేవారికి ఇది అనుకూలం. యాభై గ్రాముల పెసరపప్పును అరగంట నానబెట్టి వడకట్టండి. రెండు చెంచాల నేతిలో ఆవాలు, జీలకర్ర, రెండు పచ్చిమిరపకాయలు, ఒక చెంచా అల్లం తురుము, ఇంగువ, కరివేపాకు వేయించి, పప్పు వేసి రెండు నిమిషాలు కలపండి. చిన్నగా విడదీసిన రెమ్మలు అరకిలో, పావు కప్పు నీరు, పావు చెంచా పసుపు చేర్చి, మూతపెట్టి సన్నని సెగపై ఏడెనిమిది నిమిషాలు ఉంచండి. పప్పు మెత్తబడాలి, కాని చిదిమితేనే విరగాలి. మూత తీసి ఒక చెంచా ఉప్పు, మూడు పెద్ద చెంచాల పచ్చికొబ్బరి వేసి తడి ఆరనిచ్చి దించండి. పైన అరచెక్క నిమ్మరసం పిండండి. వేడి అన్నంలో నేతితో కలుపుకొంటే ఇక పప్పు కూడా అవసరం ఉండదు.

4. వంగదేశపు నైవేద్యపు కిచిడీ

ఒక కప్పు పెసరపప్పును పొడి మూకుడులో కమ్మని వాసన వచ్చేవరకు వేయించి కడగండి. ఒక కప్పు బియ్యం కడిగి ఉంచండి. పెద్ద రెమ్మలు పావుకిలో తీసుకొని రెండు చెంచాల నేతిలో అంచులు ఎర్రబడేవరకు వేయించి వేరుగా పెట్టండి. గిన్నెలో మరి రెండు చెంచాల నేయి కాచి, బిర్యానీ ఆకు ఒకటి, జీలకర్ర ఒక చెంచా, దాల్చినచెక్క చిన్న ముక్క, అల్లం తురుము రెండు చెంచాలు వేసి, పప్పు, బియ్యం, పసుపు అర చెంచా, ఉప్పు రెండున్నర చెంచాలు, నీరు ఆరు కప్పులు చేర్చి ఉడికించండి. పప్పు, బియ్యం దాదాపు ఉడికిన తరువాత గుప్పెడు పచ్చిబఠానీలు, వేయించిన రెమ్మలు వేసి ఐదారు నిమిషాలు ఉంచి దించండి. రెమ్మలను మొదటినుండి ఉడికిస్తే అవి కిచిడీలో కరిగిపోతాయి. ఇందులోని రహస్యమంతా వాటిని చివర వేయడంలోనే ఉంది.

5. కాడల పచ్చడి, ఆకుల పప్పు

పువ్వు తీసుకొని కాడలు, ఆకులు పారవేసేవారే ఎక్కువ. తూకం వేయించి డబ్బు చెల్లించిన దానిలో చాలా భాగం ఇలా వృథా అవుతుంది. అన్నం పరబ్రహ్మస్వరూపమని నమ్మే మనకు అది తగదు. కాడపై నార తీసి చిన్న ముక్కలు చేసి ఒక కప్పు కొలవండి. రెండు చెంచాల నూనెలో నాలుగు పచ్చిమిరపకాయలతో కలిపి ఆరు నిమిషాలు మగ్గించండి. వేయించిన నువ్వులు రెండు చెంచాలు, ఉసిరికాయంత చింతపండు, అర చెంచా ఉప్పు, గుప్పెడు కొత్తిమీర చేర్చి నూరి, ఇంగువ పోపు పెట్టండి. పువ్వును అంటిపెట్టుకొని ఉండే లేత ఆకులను సన్నగా తరిగి, తోటకూర వలె కందిపప్పులో వేసి పప్పు చేయండి. ముదురు ఆకులు గోవుకు పెట్టండి. ఒక్క పువ్వుతో కూర, పచ్చడి, పప్పు మూడూ సిద్ధమవుతాయి.

6. పిల్లల కోసం పెనంపై కాల్చిన రెమ్మలు

వీధులలో దొరికే ఎర్రని గోబీ మంచూరియా కోసం పిల్లలు మారాం చేయడం ప్రతి ఇంటా ఉన్నదే. అందులో వాడుతున్న కృత్రిమ రంగులు ఆరోగ్యానికి హానికరమని తేలినందున కర్ణాటక ప్రభుత్వం 2024 మార్చిలో వాటి వాడకాన్ని నిషేధించింది. పిల్లలను వద్దని వారించి ఊరుకోవడం కంటె ఇంట రుచిగా చేసి పెట్టడం మేలు.

పావుకిలో రెమ్మలను మూడు నిమిషాలు ఆవిరిపై ఉంచి ఆరనివ్వండి. అర కప్పు శనగపిండి, రెండు పెద్ద చెంచాల బియ్యప్పిండి, వాము అర చెంచా, కారం అర చెంచా, పసుపు పావు చెంచా, ఉప్పు ముప్పావు చెంచా, గట్టి పెరుగు రెండు పెద్ద చెంచాలు కలిపి, రెమ్మలకు అంటుకొనేంత చిక్కగా కొద్ది నీటితో కలపండి. రెమ్మలకు పట్టించి, నూనె రాసిన పెనంపై సన్నని సెగన అన్నివైపులా ఎనిమిది పది నిమిషాలు కాల్చండి. కొత్తిమీర పచ్చడితో వడ్డించండి. రంగు పసుపు ఇస్తుంది, పరిమళం వాము ఇస్తుంది.

కొన్ని జాగ్రత్తలు

ఈ కూర కొందరికి వాయువు చేస్తుంది. అందుకే పై వంటలలో ఇంగువ, అల్లం, జీలకర్ర, వాము విరివిగా వచ్చాయి. జీర్ణశక్తి తక్కువైనవారు మధ్యాహ్నమే తినడం, రాత్రి నక్తం వేళ మానడం మంచిది. థైరాయిడ్‌కు చికిత్స పొందుతున్నవారు పచ్చిగా తినక ఉడికినదే మితంగా తినండి; సందేహం ఉంటే వైద్యుని అడగండి. ఉదయం వండినది మరునాటికి దాచవద్దు. రాత్రి గడిచిన వంటను గీత ‘పర్యుషిత’మని తామసాలలో చేర్చింది.

దాతలకు ఒక విన్నపం

ఆశ్రయదోషం గురించి పైన ప్రస్తావించాను. ధర్మంగా ఆర్జించిన ధనంతో, అమ్మేవారి కడుపు కొట్టకుండా కొన్న కూర ఆ దోషానికి దూరం. కార్తీకంలో అన్నదానానికి కూరగాయలు సమర్పించే దాతలెందరో ఉన్నారు. వారు కాలీఫ్లవర్ ఇవ్వదలచినప్పుడు కొన్ని సంగతులు గమనించవలెనని మనవి. ఇది గాలి తగలని సంచులలో మూటకడితే ఒక్క రాత్రిలో చెమ్మగిల్లి మచ్చలు పడుతుంది. ఆకులతో సహా, గంపలలో గాలి ఆడేటట్లు, వంటనాటి ఉదయమే చేర్చండి. సంత ముగిసే వేళ చవకగా వచ్చిన వాడిన పువ్వులను దానానికి ఉపయోగించరాదు; మన ఇంట మనం తినని దానిని యాత్రికుని విస్తరిలో వడ్డించడం దానం అనిపించుకోదు. పువ్వులతో పాటు శుద్ధికి చేతిసాయం కూడా సమర్పించండి. వందల విస్తళ్లకు సరిపడే రెమ్మలను ఒక్కొక్కటిగా వెలుతురులో చూడటానికి వంటవారి చేతులు చాలవు. డబ్బు ఇవ్వలేని భక్తుడు కూడా ఆ ఒక్క పని చేసి అన్నదానంలో భాగస్వామి కావచ్చు. పెద్ద గుండిగలలో వండేవారు మరొక మాట గుర్తుంచుకోవాలి: గుండిగ వేడి చాలాసేపు నిలుస్తుంది కనుక, ఇంట వండేదానికంటె ముందే దించి వెడల్పు పళ్లేలలోకి తీయాలి. లేనిచో మొదటి పంక్తికి కుదిరిన కూర మూడవ పంక్తికి ముద్దవుతుంది.

భక్తితో ఇచ్చిన ఆకునైనా పువ్వునైనా స్వీకరిస్తానని గీత తొమ్మిదవ అధ్యాయంలో స్వామి చెప్పాడు. ఆయన చూచేది సమర్పించినవారి శ్రద్ధను. వంటలో ఆ శ్రద్ధకు రూపం – పురుగును ప్రాణంతో తప్పించిన ఓపిక, తడి ఆరే వరకు ఆగిన సహనం, ఉప్పును కొలిచిన చేయి, సమయానికి దించిన జాగ్రత్త. ఈ కార్తీకంలో ఉల్లి, వెల్లుల్లి లేని ఈ వంటలలో ఒకదానినైనా చేసి, మీ ఆచారం ప్రకారం స్వామికి సమర్పించి, ఇంటిల్లిపాదీ ఒకే పంక్తిలో కూర్చొని భుజించండి. పిల్లలు రెండవసారి వడ్డించమని విస్తరి ముందుకు జరిపిననాడు మీ ఇంట నియమం ఇంకొక తరానికి చేరినట్లే.